ఎడమచేతి బొటనవేలు

ఆళ్లగడ్డ
ఆగస్టు 18, 2024

అక్కా,

చేతిలో ఫోను పెట్టుకోని జాబు రాస్తాండాడేందని నవ్వద్దు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. ఇంట్లో మాట్లాడితే నీ మరదలు కల్పన వింటాది. షెడ్డులో మాట్లాడదామంటే మిషన్ల మోత, ఆ మోతలో గూడా నాతో పనిచేసే మన గంగయ్య చెవులకు అన్నీ పడతాయి. వాట్సప్ సంగతి చెప్పనే వద్దు, నా ఫోను పొద్దస్తమానం మా పాప దివ్యశ్రీ చేతిలోనే ఉంటాది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్యా. కవర్లు ఇచ్చేటాయన నన్ను ఎగాదిగా చూసినాడు.

విషయం ఏందంటే, నా ఎడమచేతి బొటనవేలు ఎగురుతాంది. నొప్పి లేదు, వాపు లేదు. వేలి మొదట్లో కండ ఉంటాది చూడు, అరచేతికి ఆనుకోని, ఆడ. ఊరికే కూచోనుంటే టపటపా నాలుగు సార్లు కొట్టుకుంటాది, ఆగుతాది, మళ్లీ మొదలు. పదహైదు దినాలైంది. ఎడమచెయ్యంటే నాకు ఉలి పట్టే చెయ్యి.

నీకు తెల్సు గదా, కొలిమిగుండ్ల కాడి ఊరోళ్లకు చౌడమ్మ విగ్రహం చేస్తాండా. ఐదున్నర అడుగులు, నల్లరాయి. పక్క షెడ్లన్నిట్లో మిషన్లు చెక్కుతాంటే, వీళ్లు మాత్రం చేతి పనే కావాలని నన్ను వెతుక్కుంటా వచ్చినారు. అంతా అయిపోయింది, కండ్లే మిగిలినాయి. కార్తీక పున్నమి పొద్దున, వాళ్ల ఊర్లో, జనమంతా తెర ముందర కాచుకోనుంటే, నేను ఉలితో అమ్మకు కండ్లు తెరవల్ల. ఆడ గనక వేలు ఎగిరితే? రెప్ప కాడ ఒక్క పెచ్చు లేస్తే విగ్రహం భిన్నమే, పూజకు పనికిరాదు. ఎత్తి బావిలో వెయ్యాల్సిందే.

అది గూడా పెద్ద భయం కాదక్కా. నాయనకు మొదలైనప్పుడు నలభై ఆరేండ్లు. నాకు నలభై ఐదు. చెయ్యి వణికి సంజామల దిక్కోళ్ల అమ్మవారిని చెడగొట్టినాడు, మూడేండ్లలో ఆయనే పాయ. నాకూ అదే వస్తాందా అని దిగులు. ఎవరికీ చెప్పలేదు. నువ్వు గూడా బావకు చెప్పద్దు.

నీ తమ్ముడు
సోము


నంద్యాల
ఆగస్టు 23

ఒరేయ్ సోమూ,

కవరు మీద నీ రాత చూసి ఎవరికి ఏమైందో అనుకున్యా. చివరికి బొటనవేలు ఎగురుతాందని! నాకు ఎడమ కన్ను నెల దినాలు అదిరింది మొన్న. మా అంగడికి జాకెట్లు కుట్టించుకోను వచ్చే ఆడోళ్లు, నీకు మంచి జరుగుతాదమ్మా అని ఒకటే చెప్పడం. ఏం జరిగింది? బావకు జలుబు చేసింది.

రోజుకు ఎన్ని టీలు తాగుతాండావో నిజం చెప్పు. పోయినసారి వచ్చినప్పుడు నేనే ఎనిమిది లెక్కపెట్టినా. నిద్ర లేదు, సరిగ్గా తిండి లేదు, ఆ ఊరోళ్లు దినానికి రెండు మాట్లు ఫోన్ చేస్తాంటారు. కండ ఎగరక ఏం చేస్తాది? మగ్గం పని చేసి చేసి నా వేళ్లు గూడా తిమ్మిర్లు పడతాయి. నేనేమన్నా చచ్చిపోయినానా?

రాత్రి నువ్వుల నూనె రాసుకోని పండుకో. టీలు తగ్గించు. ఇంకా తగ్గకపోతే ఈడికి రా, మంచి నరాల డాక్టరు ఉండాడు, నేను తోడుకోని పోతా.

నాయన సంగతి తేవద్దు. ఆయన వేరు, నువ్వు వేరు.

శాంతక్క


ఆళ్లగడ్డ
సెప్టెంబరు 9

అక్కా,

టీలు రెండుకు తగ్గించినా. తల పగిలిపోతాంది, వేలు మాత్రం ఆగలేదు.

నవ్వుతావో తిడతావో గానీ, నేను చేసే పని చెప్తా విను. దినామూ పొద్దున అందరూ రాకముందే షెడ్డుకు పోతాండా. ఒక పాత రాతిపలక తీసుకోని దాని మీద కండ్లు చెక్కుతాండా. ఉత్త కండ్లే. రెప్ప, గుడ్డు, నల్లపాప. వేలు ఎగరకుండా ఉలిని బిర్రుగా పట్టుకోని చెక్కుతా. ఒకటి బాగా వస్తే హమ్మయ్య అనుకుంటా, అంతలోనే అనుమానం, ఇది ఏదో అదృష్టానికి వచ్చిందేమో, ఇంకొకటి చూద్దామని. ఇప్పటికి నాలుగు పలకలు నిండినాయి. ఎక్కువ చెక్కిన రోజు వేలు ఎక్కువ ఎగురుతాంది. దాంతో ఇంకా భయమేసి మరుసటి రోజు ఇంకా ఎక్కువ చెక్కుతాండా. పలకలన్నీ గోనెపట్ట కింద దాచినా. ఒకసారి పట్ట తీసి చూస్తే అన్ని కండ్లూ నన్నే చూస్తాండాయి, మళ్లీ కప్పేసినా.

ఇప్పుడు పిక్కలో గూడా ఎగురుతాంది. దివ్యశ్రీ ఫోను అడిగి తీసుకోని దీని గురించి చదివినా. చదవకుండా ఉంటే బాగుండు. ఒకటే జబ్బు పేరు మళ్లీ మళ్లీ వస్తాంది. చేతుల్లో మొదలై గొంతు దాకా పోతాదంట, మింగుడు పడదంట. అన్నం తినేటప్పుడు ప్రతి ముద్దా సరిగ్గా దిగిందా లేదా అని చూసుకుంటాండా. కల్పన, ఏంది అట్లా మింగుతాండావు, కూర బాగలేదా అనింది. బాగుంది అన్యా.

నిన్న టీ గ్లాసు కింద పెట్టేటప్పుడు వేలు ఎగిరి కొంచెం టీ ఒలికింది. గంగయ్య చూసినాడు. చూసి మొగం తిప్పుకోని, మీ నాయనకు గూడా ఇట్లే గ్లాసు కాడే మొదలాయనప్పా అన్యాడు.

అక్కా, నువ్వు ఉన్యావు గదా ఆ పొద్దు. అమ్మ పోయిన ఏడాది, ఇంట్లో నువ్వు, నాయన ఇద్దరే. నేను తిరుపతిలో శిల్పం నేర్చుకుంటాండా, నాకేం తెలుసు. నాయనకు మొదట్లో ఎట్లా వచ్చింది? ఏ వేలు? ముందు ఎగిరిందా, లేకుంటే ఒకేసారి వణికిందా? ఎన్ని నెలలకు ఉలి జారింది? గుర్తు తెచ్చుకోని అంతా రాయి. ఎంత చెడ్డదైనా సరే, తెలిస్తే నేను తయారుగా ఉంటా.

సోము


నంద్యాల
సెప్టెంబరు 13

సోమూ,

ఎప్పటి మాటో అది. ఇరవై ఐదేండ్లు దాటిపాయ. నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు.

ఆ పలకల మీద చెక్కడం ముందు ఆపు. బిర్రుగా పట్టుకుంటే ఎవరికైనా ఎగురుతాది. ఆ మాత్రం తెలివి లేదా నీకు?

జ్ఞానప్రకాశం అని నరాల డాక్టరు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. వచ్చే నెల మొదటి మంగళవారానికి చీటీ రాయించినా. పొద్దున బస్సుకు రా. కల్పనకు రాయి కొనేదానికని చెప్పు. బావకు నేనేదో చెప్పుకుంటా.

ఎక్కువ రాయలేకపోతాండా, దసరా గిరాకీ మీద ఉన్యా.

శాంత


ఆళ్లగడ్డ
అక్టోబరు 6

అక్కా,

మంగళవారం నాడు ఆసుపత్రి బయట నీ మొగం చూసి చెప్పలేకపోయినా, అందుకే రాస్తాండా.

ఆయన మంచి డాక్టరే. వైర్లు పెట్టి, సూదులు గుచ్చి గంటసేపు చూసినాడు. నరాలు శుభ్రంగా ఉండాయి, కండ బలం తగ్గలేదు, ఇది మనాది, దిగులు వల్ల, నిద్ర లేక, ఆ వేలిని విపరీతంగా వాడటం వల్ల అన్యాడు. నువ్వు నవ్వినావు, నేను గూడా నవ్వినా. బస్సు చాగలమర్రి దాకా గూడా రాలేదు గానీ... ఏం రాస్తాండా నేను, చాగలమర్రి మన ఊరికి అవతల గదా. చూడు నా బుర్ర ఎట్లుందో. బస్సు ఇంకా నంద్యాల దాటలేదు, నాకు మళ్లీ మొదలాయ. వేలు కాదు, ఆలోచన. మనం లేచి వచ్చేటప్పుడు డాక్టరు అడిగినాడు గదా, మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్లాంటిది ఉన్యాదా అని. నేను నాయన సంగతి చెప్పినా. ఆయన కలం ఆపి, ఆయన కాగితాలు ఏమన్నా ఉంటే బాగుండేది అన్యాడు. నువ్వు పక్కనే ఉన్యావు. నీ మొగం తెల్లగా అయిపాయ. నేను చూసినా అక్కా.

అంటే నీకు తెలుసు. నాయనకు ఇట్లే మొదలైంది, నాకు చెప్తే తట్టుకోలేనని దాస్తాండావు.

పరీక్షల్లో ఇప్పుడు కనపడకపోతే ఏమి, నాయనకు గూడా మొదట కనపడి ఉండదు. నేను లెక్క వేసుకున్యా, మూడేండ్లు. అప్పటికి దివ్యశ్రీ డిగ్రీ గూడా అయిపోదు. ఎడమచెయ్యి పోతే ఎట్లాగని కుడిచేత్తో ఉలి, ఎడమచేత్తో సుత్తి పట్టి చూస్తాండా. రాలేదు. కుడిచెయ్యి పోతే ఎట్లాగని నిన్న ఎడమచేత్తో అన్నం తిన్యా. కల్పన చూసి లోపలికి పోయి ఏడ్చింది. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది ఏదో ఉందని.

ఒక నిర్ణయం చేసుకున్యా. చౌడమ్మకు కండ్లు తెరిచేది నేను కాదు. కడప నుంచి ఒకాయన్ను పిలిపిస్తా. ఆ ఊరోళ్లకు నా చెయ్యి బాగలేదని చెప్పేస్తా. ఆ తర్వాత ఉలి పట్టను. జనం ముందర నాయన మాదిరి అవమానపడేకంటే ఇదే మేలు. దీపావళి అయినంక వాళ్లకు ఫోన్ చేస్తా.

సోము


నంద్యాల
అక్టోబరు 10

సోమూ,

ఎవరికీ ఫోన్ చెయ్యద్దు. ఈ జాబు మొత్తం చదివినాక నన్ను ఏమన్నా అను, కానీ ఎవరికీ ఫోన్ చెయ్యద్దు.

నాయన చెయ్యి ఏ రోజూ వణకలేదు.

ఆ అమ్మవారిని చెడగొట్టింది నేను.

నీకు తెలీదు, నాయన నాకు పని నేర్పినాడు. అమ్మ ఉన్నప్పటి నుంచే. షెడ్డు ఎనక రేకులు అడ్డం పెట్టి, ఆ చాటున కూచోబెట్టి చేయించేవాడు. అమ్మవార్ల నగలు, నడుం పట్టీలు, చీర కుచ్చెళ్లు, చానా మటుకు నా చేతివే. మొగం కాడికి మాత్రం రానిచ్చేవాడు కాదు. ఆడపిల్ల ఉలి పట్టిందని తెలిస్తేనే ఊర్లో మాట వస్తాదని ఆయన భయం.

ఆ పొద్దు నాయన మధ్యాన్నం అన్నానికి ఇంటికి పోయినాడు. నాకు లగ్నాలు పెట్టుకోని ఉన్యారు, ఇంకా ఇరవై దినాలు. పెండ్లయితే మళ్లీ ఉలి పట్టేది లేదు. ఒక్కసారి, ఒక్క రెప్ప గీత నా చేత్తో గీద్దామని ఉబలాటం. పీట మీదికి ఎక్కినా. రెండు దెబ్బలు బాగా పడినాయి. ఎంత సంతోషమైందో చెప్పలేను. మూడో దెబ్బకు పెచ్చు లేచి నా మొగాన కొట్టింది.

నాయన వచ్చేసరికి నేను ఆ పెచ్చును మళ్లీ అతికిద్దామని చూస్తాండా. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టను గూడా తిట్టలేదు. నా చేతిలో ఉలి తీసుకోని, నువ్వు ఇంట్లోకి పో అన్యాడు. సాయంత్రం ఆ ఊరోళ్లు వస్తే, నా చెయ్యి వణికిందప్పా, ఏదో నరాల జబ్బు, తప్పు నాదే అన్యాడు. పెండ్లి కావాల్సిన పిల్ల అమ్మవారి కంట్లో ఉలి దించి భిన్నం చేసిందంటే నన్ను ఎవరు చేసుకుంటారు? మీ బావోళ్లు వచ్చుండేవాళ్లా?

ఆడికి అయిపోలేదు. అబద్ధం నిలబడాల గదా. ఎవరన్నా ఇంటికొస్తే టీ గ్లాసు పట్టుకోని కావాలనే వణికించేవాడు. గంగయ్య చూసింది అదే. వాళ్లు పోయినాక అదే చేత్తో నా జడకు రిబ్బన్ కట్టేవాడు, ఒక్క వెంట్రుక కదలకుండా. నేను ఏడిస్తే, ఏడవకమ్మా, నాకేం నొప్పా అనేవాడు. పెండ్లయి నేను నంద్యాలకు వచ్చేసినా. ఆయన ఆడ మీ అందరి ముందరా వణుకుతానే ఉండిపాయ.

నాయన పోయింది నరాలకు కాదు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి పోయినాడు. నీకు గూడా చెప్పినారు అప్పుడు, కానీ ఊరంతా చెయ్యి అంటాంటే నీకు అదే మిగిలింది. ఆసుపత్రి కాగితాలు నా పెట్టెలో ఉండాయి. నకలు తీసి దీంట్లోనే పెడతాండా. డాక్టరుకు చూపించు. నరాల మాట యాడా లేదు.

నీ మొదటి జాబు చదివిన రోజే ఇది రాయాల్సింది. టీలు తగ్గించు, నూనె రాసుకో అని రాసినా. డాక్టరు అడిగినప్పుడు గూడా నీ పక్కన రాయి మాదిరి నిలబడుకున్యా. బావకు తెలీదు, మా అత్తకు తెలీకుండానే పోయింది. ఇన్నేండ్లకు చెప్తే నా ఇల్లు ఏమైతాదో, నువ్వు ఏమంటావో అని నాకు భయం. నేను ఆ భయంలో కూచోనుంటే నువ్వు ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంటాండావు. ఆ మాట చదివినాక ఇంక ఆగలేకపోయినా.

నీ చెయ్యికి ఏమీ లేదు సోమూ. అది మన ఇంటి జబ్బు కాదు. అది నా అబద్ధం.

శాంత


నంద్యాల
అక్టోబరు 29

సోమూ,

పంతొమ్మిది దినాలైంది. జాబు లేదు. ఫోన్ చేస్తే కల్పన ఎత్తి, పనిలో ఉండాడు వదినా అంటాంది. ఏ పనిలో అని అడిగే ధైర్యం నాకు లేదు.

నా జాబు చేరిందా? వేరే ఎవరి చేతిలో అన్నా పడిందా? పోస్టు బండి శబ్దమైతే చాలు చేతిలో సూది కింద పడుతాంది. బావకు నిన్న రాత్రి అన్నం పెట్టి అంతా చెప్పేసినా. ఆయన తినేసి పండుకున్యాడు. పొద్దున లేచి, మీ నాయన నాకు ఒకసారి పెండ్లి పందిట్లో చెయ్యి ఇచ్చినాడు, గట్టిగా ఉన్యాదే అని అప్పుడే అనుకున్యా అన్యాడు. అంతే, అంగడికి పోయినాడు.

నన్ను తిట్టు. తిడుతూనైనా ఒక ముక్క రాయి. నువ్వు పని ఆపలేదని మాత్రం చెప్పు.

శాంతక్క


ఆళ్లగడ్డ
నవంబరు 17

అక్కా,

నీ జాబు చేరింది. చేరిన రోజే చదివినా. చదివి పలకల మీద పట్ట తీసి, ఆ కండ్లన్నీ సుత్తితో పగలగొట్టినా. గంగయ్య పరిగెత్తుకోని వచ్చి నా చెయ్యి పట్టుకున్యాడు. నీ మీద కోపమో, ఎవరి మీద కోపమో నాకే తెలీదు. రెండు నెలలు నేను ప్రతి ముద్దా లెక్కపెట్టుకోని మింగినా. ఆ రెండు నెలలూ నీకు తెలుసు. అది మర్చిపోయేదానికి నాకు చానా దినాలు పడుతుంది, ముందే చెప్తాండా.

డాక్టరుకు కాగితాలు చూపించినా. చదివి, ఇంక ఈ చేతిని పరీక్ష పెట్టడం మానెయ్యి అన్యాడు. మానేసినా. పలకలు లేవు గాబట్టి మానేయడం తేలికైంది.

మొన్న పున్నమి పొద్దున చౌడమ్మకు కండ్లు తెరిచినా. ఎవరినీ పిలిపించలేదు. ఒక్కపొద్దు ఉండి, తెర అవతల పీట ఎక్కినా. జనం గుసగుసలు వినపడతాండాయి. ఉలి పెట్టేసరికి వేలు ఎగిరింది. నాలుగు సార్లు. ముందైతే ప్రాణం పోయేది. ఉలి తీసి, అది ఎగరడం అయ్యేదాకా చూసుకుంటా నిలబడినా. ఆగింది. అప్పుడు కొట్టినా. రెండు కండ్లూ బాగా వచ్చినాయి. తెర తీస్తే ముందు వరసలో ఒక ముసలామె అరిచి ఏడ్చింది, అమ్మ నన్నే చూస్తాందని. వేలు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎగురుతాంది. పట్టించుకోవడం లేదు.

కానీ నిద్ర పట్టడం లేదక్కా. ఇప్పుడు వేలికి కాదు.

నీకు తెలీనిది ఒకటుంది. నీ పెండ్లయినాక నేను చదువు ముగించుకోని వచ్చిన కొత్త. ఒకరోజు షెడ్డుకు పోతే నాయన ఒక్కడే కూచోని చిన్న వినాయకుని తొండం చెక్కుతాండాడు. నేను గడప కాడ నిలబడి చూసినా. ఎంత బాగా పోతాందో ఉలి. నేను లోపలికి పోంగానే ఆయన తల ఎత్తి చూసినాడు, చెయ్యి వణకడం మొదలాయ. నేను పోయి ఆ చేతిలో ఉలి గుంజుకున్యా. ఇంకొకటి భిన్నం చేసి మన పరువు తీస్తావా, పక్కన కూచో నాయనా అన్యా. పద్దెనిమిదేండ్లు నాకు. తిరుపతిలో చదివొచ్చినానని పొగరు. ఆయన నా మొగం చూసి, సరేలే అన్యాడు. పోయే దాకా మళ్లీ రాయిని ముట్టలేదు. మూడేండ్లు నేను చెక్కుతాంటే పక్కన కూచోని చూసినాడు. నేను తప్పు దెబ్బ వేస్తే ఆయన వేళ్లు ఒళ్లో కదిలేవి. అది గూడా జబ్బే అనుకున్యా.

నువ్వు ఒక్క దెబ్బ తప్పు వేసినావు. నేను మంచి చెయ్యిని మూడేండ్లు ఊరికే కూచోబెట్టినా. నిన్ను ఏమని తిట్టాల?

వచ్చే ఆదివారం రా. బావను గూడా తీసుకోని రా. నేను నీతో సరిగ్గా మాట్లాడతానో లేదో తెలీదు, మాట్లాడకపోతే కల్పనతో కూచో. కానీ ఆ రిబ్బన్ కట్టిన సంగతి, రేకుల చాటున నీకు ఎట్లా నేర్పినాడో, ఉలి ఎట్లా పట్టించేవాడో, అదంతా నాకు చెప్పల్ల. నేను వణికే చెయ్యినే చూసినా అక్కా. బాగున్న చెయ్యిని చూసినదానివి నువ్వొక్కదానివే.

సోము